దగ్గుకు తల్లిగారిల్లు

ఫోన్ మోగేసరికి తెర మీద పంది పేరు కనిపించింది. నాలుగేళ్లుగా ఆ పేరు అలాగే ఉంది. మార్చాలని చాలాసార్లు అనుకుని మార్చలేదు. భూపాలపల్లిలో పశువుల దవాఖాన మెట్ల మీద కూర్చుని, బొగ్గు లారీలు పోయాక రోడ్డు మీద నిలిచిన నల్లటి నీళ్లను చూస్తూ ఫోన్ ఎత్తాను. అవతల ఆమె గొంతు కాదు, ఆమె చిన్న కూతురి గొంతు. "అన్నా, అమ్మ పోయింది" అన్నది. నీళ్లలో ఆకాశం కదులుతోంది. ఎప్పుడని అడిగాను. నిన్న పొద్దున అని చెప్పింది.

ఆమె అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ మాత్రం రాయను. ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలవగా నేను వినలేదు. పంది పేరు ఆమెకెలా అంటుకుందో చెప్తాను. నేనప్పుడు జనగామలో పని చేసేవాణ్ణి. పెంపకం పందుల్లో జలుబూ దగ్గూ తెచ్చే వైరస్‌లు ఏ ఊళ్లో ఉన్నాయో, ఎటు నుంచి ఎటు పోతున్నాయో తెలుసుకోవడానికి షెడ్డు షెడ్డూ తిరిగి నమూనాలు తీసే పని నా నెత్తిన పడింది. పాలకుర్తి అవతల వాళ్ల గూడెంలో రేకుల షెడ్డు ముందు నిలబడి, రిజిస్టరు తెరిచి "పేరేందవ్వా?" అన్నాను. అడిగేటప్పుడు నా చూపు గోడ మీదుగా తల పెట్టి నన్నే చూస్తున్న పెద్ద తెల్ల పంది మీద ఉంది. "బుచ్చమ్మ" అన్నదామె. రాసుకున్నాను, వేలిముద్ర కూడా వేయించుకున్నాను. నెల తర్వాత ఒకనాడు ఆమె "బుచ్చమ్మా" అని పిలిస్తే ఆ పంది పరుగెత్తుకొచ్చింది. అప్పటికే కాయితాలు పెద్ద ల్యాబు దాకా పోయాయి. ఆ లెక్కన మా రికార్డుల్లో ఈ రోజుకీ ఆ షెడ్డు యజమాని పందే. సంగతి చెప్తే చాలాసేపు నవ్వింది. "ఉండనీ తియ్యి బిడ్డా, షెడ్డు దానిదే గదా" అన్నది.

వాళ్ల ఇంట్లో వేరే భాష. నాతోటీ, పాలకుర్తి ఆటోవాళ్లతోటీ, కుడితి నీళ్లు పోసే తొర్రూరు హోటళ్లవాళ్లతోటీ తెలుగు మాట్లాడేది. పందులతో మాత్రం ఇంటి భాషే. నేను ఒకసారి బుచ్చమ్మను తెలుగులో పక్కకు జరగమంటే అది కదల్లేదు. "పందులకు తెలుగు రాదు" అని ఆమె ఎంతో మామూలుగా చెప్పి, రెండు ముక్కలు తమ భాషలో అన్నది. పంది జరిగింది. ఆ రెండు ముక్కలు నేర్చుకోవాలని తర్వాత ఎంత ప్రయత్నించినా నా నోట్లో అవి వేరే మాటలు అయిపోయేవి. పందులు నా వంక జాలిగా చూసేవి.

ఆమెను తలుచుకుంటే ముందుగా కనపడేది కొంగు. షెడ్డు గడప దగ్గర ఒక బకెట్టులో నీళ్లుండేవి. అందులో పాదాలు కడుక్కునేది. తర్వాత కొంగు తీసి ముక్కూ నోరూ మూసేలా చుట్టి, చివర చెవి వెనక దోపుకునేది. అప్పుడే లోపలికి అడుగు. రోజుకు పదిసార్లు పోయినా పదిసార్లూ అంతే. బయటికి రాగానే కొంగు భుజం మీదికి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పందుల మధ్యనే ఉన్న మనిషికి కూడా ఈ వాసన పడదు కాబోలు అని నేను లోలోపల జాలిపడేవాణ్ణి. నేనేమో పందుల జబ్బు నాకంటకుండా మాస్కు పెట్టుకునేవాణ్ణి. ఇద్దరం మూతులు మూసుకుని ఎదురెదురుగా నిలబడి కళ్లతోనే మాట్లాడుకునేవాళ్లం.

రెండోసారి పోయిననాడు నాకు జలుబు. షెడ్డుకు ఇరవై అడుగుల దూరంలో తుమ్మాను. చేతిలో చీపురుతో వచ్చి అడ్డం నిలబడింది. "జలుబున్నదా నీకు? తగ్గినంక రా" అని మాత్రం అని వెనక్కి తిరిగింది. నేను మండిపడ్డాను. జనగామ నుంచి ఎండలో బండి మీద వచ్చాను, పైగా మాస్కు ఉంది, ఉద్యోగం ఉంది. ఈమె నా నుంచి తనకు అంటుకుంటుందని భయపడుతోందని అనుకున్నాను. తిట్టుకుంటూ తిరిగిపోయాను. నా చదువు అప్పటికి అంతే ఉంది.

జలుబు తగ్గాక పోయిననాడు నన్ను చాలా మర్యాదగా చూసింది. నేను షెడ్డులో నూలు తాళ్లు వేలాడదీశాను. పందులు వాటిని నములుతాయి, ఆ తాళ్లను పిండితే వచ్చే చొంగలో వైరస్ ఉందో లేదో తెలుస్తుంది. ముక్కులో పుల్ల పెట్టడం కంటే పందికి హాయి. "పందులకు ఉయ్యాల కడుతున్నవా?" అని ఆమె కళ్లతో నవ్వింది. అప్పుడే వాన వెలిసింది. రేకుల మీంచి ఆవిరి లేస్తోంది. తొమ్మిది పందులు వరసగా నిలబడి, కళ్లు సగం మూసుకుని తాళ్లు నములుతున్నాయి. ఆ చప్పుడు వింటూ ఇద్దరం బయట గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో నాకు గుర్తు లేదు. ఆ మధ్యాహ్నంలోకి ఇప్పటికీ అప్పుడప్పుడు పోయి కూర్చుంటాను.

గోడకు ఆనుకుని కళ్లు మూసుకునే ఆమె దగ్గులను పోల్చుకునేది. లోపల ఒక దగ్గు వినపడగానే, ఇది బుచ్చమ్మది అనేది. ఇంకొకటి వినపడితే, ఇది దాని మూడో ఈతది, మేతలో దుమ్ము పోయింది, జబ్బు కాదు అనేది. మనుషులను గొంతుతో పోల్చినట్టే. నాకూ నేర్పింది. జబ్బు దగ్గు కడుపులోంచి వస్తుందని, దుమ్ము దగ్గు గొంతులోంచి వస్తుందని, ఉత్తుత్తి దగ్గు పెదాల దగ్గరే పుడుతుందని చెప్పింది. పందులు ఉత్తుత్తిగా దగ్గుతాయా అని అడిగితే, పందులు దగ్గవు, మనుషులు దగ్గుతారని అన్నది.

ఇక ఆమెకొచ్చిన కష్టం చెప్తాను. వాళ్లలో ఆడపిల్లకు పెళ్లి చేస్తే అరణంగా ఒక పడుచు పందిని వెంట పంపుతారు. బరువని ఎవరూ అనుకోరు, అది పిల్లకు తోడు. ఆమె కాపురానికి వచ్చినప్పుడు తల్లి పంపిన పందికి మనవరాలి మనవరాలు ఈ బుచ్చమ్మ. ఆ ఎండాకాలంలో చిన్న కూతుర్ని గంగారం వైపు అడవిలో ఉన్న ఊరికి ఇచ్చింది. బుచ్చమ్మ కూతురు ఒకటి ఆ పిల్లతోపాటు ట్రాలీ ఆటోలో పోయింది. తొలకరి పడ్డాక అక్కడి షెడ్డులో దగ్గు మొదలైంది. చూలుతో ఉన్న ఒక పంది నెలలు నిండకుండానే ఈసుకుపోయింది, పాలు తాగే పిల్లలు కొన్ని చచ్చిపోయాయి. అంతలో ఇక్కడ బుచ్చమ్మ షెడ్డులో కూడా దగ్గు వినపడింది. ఇంకేముంది, అత్తగారింట్లో లెక్క తేల్చేశారు. జబ్బు అరణంతో వచ్చింది, అరణం పిల్లతో వచ్చింది. సంగతేందో తేలేదాకా తల్లిగారింట్లో ఉండమని పిల్లను పంపించేశారు.

నేను గంగారం పోయి నమూనాలు తీసినప్పుడు ఆ అరణపు పందిని చూశాను. మిగతా వాటికి దూరంగా ఇప్పచెట్టు కింద ఒంటరిగా కట్టేశారు. ముసురు పడుతోంది. అది చెట్టు మొదలుకు ఒరిగి, వచ్చిన దారి వైపే చూస్తోంది. తాడు ఇస్తే నమల్లేదు. ఆమె భాషలోని ఆ రెండు ముక్కలు నాకు వచ్చినట్టు అన్నాను. చెవులు కదిలించింది. దాని ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీసుకుని తొందరగా వచ్చేశాను.

ఫలితం రావడానికి చాలా రోజులు పట్టింది. నేను పాలకుర్తి వైపు పోయినప్పుడల్లా ఆమె వచ్చిందా అని అడగడం, ఇంకా లేదని నేను చెప్పడం. కూతురు ఇంటి వెనక గిన్నెలు తోముతూ చెవులు ఇటే పెట్టేది. ఒకరోజు ఆమె అడిగింది, కంటికి కనపడని పురుగు ఏ ఊరిదో ఎలా చెప్తారని. నేను తడుముకుంటూ చెప్పాను. ఆ వైరస్ లోపల అక్షరాల లాంటివి ఉంటాయి, అది తనలాంటి దాన్ని పుట్టించేటప్పుడు ఆ అక్షరాలన్నీ తిరగరాస్తుంది, రాసేటప్పుడు అక్కడక్కడ తప్పు పడుతుంది, ఆ తప్పులు పిల్లలకూ పోతాయి, తప్పులను పోల్చి చూస్తే ఎవరి పిల్లలు ఎవరో తెలుస్తుంది అని. 

"పాట లెక్కనా?" అన్నది. "మేం నాటు ఏసేటప్పుడు ఒక పాట పాడుతం. మా తల్లిగారింట్ల గా పాటల చెలిమె అంటరు. గీడ బాయి అంటరు. ఎవతి చెలిమె అన్నదో గది మా ఊరిదే."

నేను రెండేళ్లు చదివి నేర్చుకున్న పాఠం అది. నా బ్యాగులో ఉన్న పుస్తకాలు నన్ను చూసి నవ్వినట్టయింది. అవునవ్వా, అంతే అన్నాను. ఆమె అంతటితో వదల్లేదు. కొంగు సర్దుకుని, అసలు ప్రశ్న అప్పుడు అడిగింది.

"అయితే గీ దగ్గుకు తల్లిగారిల్లు ఏది?"

ఆ మాట విన్నాక నాకు వేరే మాట దొరకలేదు. ఆఫీసులో మూలం అంటాం, వంశం అంటాం. నా బుర్రలో మాత్రం తల్లిగారిల్లే నిలిచిపోయింది. గంగారం దగ్గుకు తల్లిగారిల్లు పాలకుర్తి అని తేలితే ఈ ఆడపిల్ల కాపురం ఏమవుతుందా అని ఆ రోజుల్లో నాకు నిద్రలో కూడా, ఏ వైరస్ దేని పిల్లో చూపడానికి ల్యాబులో గీసే చెట్టు బొమ్మ కనపడేది. కొమ్మ కొమ్మకూ ఒక పంది కూర్చుని ఉండేది. అన్నిటి కిందా, మొదట్లో ఎవరున్నారో చూద్దామనుకునేసరికి మెలకువ వచ్చేది.

ఫలితం వచ్చిన రోజు కాయితం పట్టుకుని తిన్నగా ఆమె దగ్గరికే పోయాను. నిజానికి ముందు ఆఫీసులో ఇవ్వాలి. ఆమె గోడ దగ్గర కూర్చుని ఉంది. కాయితాన్ని మోకాళ్ల మీద పరిచి, అడ్డంగా తిప్పి చూసింది. చెట్టు పక్కకు పడుకున్నట్టుందే అన్నది. కొసన ఉన్న చిన్న రెమ్మను చూపించి, ఇది మీ షెడ్డులోది అన్నాను. దానికి కొంచెం వెనక ఉన్నది గంగారంది. అక్కడ పడ్డ తప్పులన్నీ ఇక్కడా ఉన్నాయి, ఇక్కడ మాత్రం ఒకటి ఎక్కువుంది. అంటే జబ్బు మీ దగ్గర నుంచి అక్కడికి పోలేదు, అక్కడి నుంచే మీకు వచ్చింది. ఆమెకు వెంటనే అర్థమైంది. తొలకరిలో ఆమె గంగారం పోయి, చూలు కట్టించడానికి వియ్యంకుల మగపందిని తెచ్చుకుని పదిరోజులు ఉంచుకుంది. ఆమె తేబోయినప్పుడు అది దగ్గలేదు, ఇక్కడికి వచ్చాక దగ్గింది.

"మరి గంగారం దానికి?" అన్నది.

గంగారం రెమ్మకు వెనక ఉన్న కొమ్మను చూపించాను. అది పందుల కొమ్మ కాదు. ఏటా వానాకాలంలో మనుషులకు వచ్చే జలుబు జ్వరానిది. పందులకు మనిషే ఇచ్చాడు, ఏ మనిషో మాత్రం ఈ కాయితం చెప్పదు అన్నాను. ఊళ్లల్లో దాన్ని పంది జ్వరం అని పేరుపెట్టి, ఈ గూడెం ముందు నుంచి పోయేవాళ్లు ముక్కులు మూసుకుంటారు.  నా మాస్కు నా జేబులో ఉంది. ఆమె కొంగు భుజం మీద ఉంది. ఆ కొంగు ఎవరిని కాపాడడానికో నాకు అప్పుడు, అన్ని నెలల తర్వాత, తెలిసింది. నన్ను చీపురుతో ఎందుకు ఆపిందో కూడా తెలిసింది. సిగ్గుతో తల దించుకున్నాను.

ఆమె నన్ను గమనించలేదు. ఎటో చూస్తోంది. తర్వాత మెల్లగా చెప్పింది. ఆమె మగపందికోసం పోయిన వారమే అల్లుడు హైదరాబాదులో బిల్డింగు పని నుంచి జ్వరంతో ఇంటికొచ్చాడట. ఒళ్లు కాలిపోతున్నా మంచం షెడ్డులో వేసుకున్నాడట. పిల్లలేసిన పంది పక్కన మనిషి లేకపోతే పిల్లలు కింద పడి నలుగుతాయని. దగ్గుతూనే ఒక్కో పిల్లను ఒడిలో పెట్టుకుని పాలకు అందించాడట. ఆ పిల్లలే తర్వాత పోయాయి.

నా ప్రాణం లేచొచ్చింది. పదవ్వా, ఇప్పుడే పోయి వాళ్లకు చెప్దాం, నీ బిడ్డ తప్పేం లేదని తేలిపోయింది గదా అన్నాను. కాయితం మడవబోయాను. ఆమె కాయితం మీద చెయ్యి పెట్టింది.

"నా బిడ్డ గెలిస్తే ఎట్ల బిడ్డా?" అన్నది. "గాయింట్లనే బతకాలె గద. ఆ పిలగాడు గా పంది పిల్లలను ఒళ్లె పెట్టుకున్నడు. నీ చేతుల్నే సచ్చినయి అని వానికి నేను చెప్పాల్నా? జర నీ కాయిదం నీ దగ్గర్నే పెట్టుకో."

మర్నాడు ఇద్దరం గంగారం పోయాం. తొర్రూరులో బస్సు మారాం. దారంతా వాన, అద్దాల మీద అడవి పచ్చగా కారిపోతోంది.  వియ్యంకుల వాకిట్లో పీట మీద కూర్చుని, వచ్చిన సంగతి చెప్పింది. సారు పరీక్ష చేసిండు, జబ్బు పందిది కాదు, మనిషిది అని తేలింది, నేను మగపందికోసం వచ్చిననాడు నాకు జలుబుండె, చూసుకోక షెడ్డులోకి పోయిన, తప్పు నాది, బిడ్డదీ కాదు, అరణానిదీ కాదు. చెప్పి, సాక్ష్యానికన్నట్టు రెండుసార్లు దగ్గింది. ఆ దగ్గు పెదాల దగ్గరే పుట్టింది. నాకు ఆ విద్య నేర్పింది ఆమే.

వియ్యపురాలు నా వంక చూసింది. మనిషి నుంచే వచ్చిందని తలూపాను. అంతవరకు నిజమే. అల్లుడు వాకిలి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నేల చూశాడు, తర్వాత అత్త ముఖం చూశాడు, మళ్లీ నేల చూశాడు. వియ్యపురాలు చాలా మాటలే అన్నది. ఇన్నేళ్లు పందులు మేపిన మనిషివి, ఆపాటి తెలియదా అన్నది. ఆమెకు అంతకు మించిన తిట్టు లేదని నాకు తెలుసు. తెలియలేదని ఒప్పుకుంది. చివరికి వియ్యపురాలు, ఇక మీద నువ్వు మా షెడ్డు తొక్కొద్దు అన్నది. ఈమె సరే అన్నది. పిల్లను నాలుగో రోజున తీసుకుపోయారు.

ఆ మాట మీద ఆమె చివరిదాకా నిలబడింది. గంగారం పోయినప్పుడల్లా షెడ్డుకు దూరంగా గోడ ఇవతలే ఆగి, తన భాషలో పిలిచేదట. అరణపు పంది గోడకు ముట్టె ఆనించి నిలబడేదట. ఇద్దరూ కాసేపు అలా ఉండేవాళ్లట. నేను బదిలీ అయి భూపాలపల్లి వచ్చేశాక ఆ సంగతి ఆమే ఫోనులో నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఇలాంటి మనిషికి తెలివితక్కువదన్న పేరు రావడంలో నాకూ భాగముంది కదా అని బాధపడ్డాను. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఆమె పోయిన మూడో రోజున పాలకుర్తి పోయాను. గూడెంలో చుట్టాలంతా ఉన్నారు. చిన్న కూతురు నాకు మంచినీళ్లిచ్చి, పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. తల్లి కూర్చునే చోటే. నాకు తెలుసన్నా అన్నది. 

"అమ్మ కొంగు కట్టకుండ షెడ్డుల కాలు పెట్టంగ నేనెన్నడు చూడలె" అన్నది. "చూసుకోక పోయిన అని చెప్పిందంటే నేనెట్ల నమ్ముత?"

మరి మీ ఆయనకు చెప్పావా అని అడిగాను. లేదని తల అడ్డంగా ఊపింది. పందులకు జబ్బు ఇచ్చిన మనిషి ఎవరనే సంగతి తానూ ఎవరినీ అడగలేదట. అమ్మ దాచిపెట్టిన దాన్ని తాను తవ్వడమెందుకని ఊరుకుందట.

పందులకు మేత వేళయింది. లోపల అవి అరవడం మొదలుపెట్టాయి. చావు ఇంటి పనుల్లో ఎవరికీ అవి గుర్తు లేవు. ఇంటి వెనక నుంచి అల్లుడు రెండు చేతుల్లో కుడితి బకెట్లతో వచ్చాడు. మమ్మల్ని చూడలేదు. గడప దగ్గర బకెట్లు కింద పెట్టాడు. అక్కడుండే నీళ్ల బకెట్టులో పాదాలు కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ముక్కూ నోరూ మూసేలా చుట్టి, చివర చెవి వెనక దోపుకున్నాడు. తర్వాత బకెట్లు ఎత్తుకుని లోపలికి పోయాడు.

పొద్దున్నుంచీ అతన్ని చూస్తూనే ఉన్నాను. అతనికి జలుబు లేదు.